అసిరి వెనక్కి చూసింది

అనగనగా ఒక ఊరు, నా బంగారుకొండా. ఆ ఊరికి మూడు వైపులా ఇసక, నాలుగో వైపంతా సముద్రమే. ఆ ఊళ్ళో అసిరి అని ఓ పిల్ల ఉండేది. వాళ్ళ అయ్య ఎర్రయ్య చేపలు పట్టేవాడు.

ఎర్రయ్యకి ఓ విద్య వచ్చు. నడిసముద్రంలో పడవ ఆపి, తెడ్డుని నిలువుగా నీళ్ళలోకి దించి, దాని పిడికి చెవి ఆనించేవాడు. అడుగున ఏం జరుగుతోందో తెడ్డు చెప్పేసేది.

అసిరి బుడ్డదిగా ఉన్నప్పుడు ఓ రోజు దాన్నీ పడవెక్కించుకున్నాడు. "ఇనవే గుంటా" అన్నాడు.

అసిరి చెవి పెట్టింది. లోపల గుర్ర్... గుర్ర్... అని ఒకటే పాట! ఊరు ఊరంతా నోరు మూసుకుని ఒకే రాగం తీస్తున్నట్టుంది.

"ఏటయ్యా అది?"

"గొరక చేపలే. కింద రాళ్ళగుట్ట ఉంది. గుడ్లు పెట్టే కాలంలో అక్కడ చేరి పాడతాయి."

అసిరికి ఒళ్ళంతా పులకరించింది. మన కాళ్ళ కింద, ఆ నీలం కింద, ఇంకో ఊరుందా! అక్కడా పెళ్ళిళ్ళూ పాటలూ ఉన్నాయా! ఆ రోజంతా దానికి అన్నం సహించలేదు. కళ్ళు మూస్తే పాటే.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. అప్పుడేమైందీ, చేపలు తగ్గాయి. మొదట పెద్ద చేపలు పోయాయి. ఆ తర్వాత మధ్యరకం పోయాయి. ఆ తర్వాత వలలో నాచూ నురగా తప్ప ఏమీ లేదు. ఎర్రయ్య ఓ మూట కట్టి వాసానికి వేలాడదీశాడు. "గంగమ్మ పండగ అవగానే పడమటి సముద్రానికి పోతాను. పరాయి బోటులో కూలికి" అన్నాడు. అలా పోయినవాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలీదు. అసిరి ఆ మూట వంక చూడ్డమే మానేసింది.

ఊఁ కొట్టు నాన్నా. నిద్రపోయావేమో అనుకున్నాను.

గంగమ్మ పండగ వచ్చింది. ఆ ఊరి పద్ధతేమిటంటే, ఆ రోజున చిరిగిన వలలన్నీ సముద్రానికి ఇచ్చేస్తారు. అన్నం పెట్టిన వలని పారేస్తారా, కాలుస్తారా? పసుపు రాసి, బొట్టు పెట్టి, కెరటాలు దాటాక నీళ్ళలో వదులుతారు. వదిలాక వెనక్కి చూడకూడదు. చూస్తే, ఇచ్చినదాని మీద ఇంకా ఆశ ఉన్నట్టు.

అందరూ వదిలారు. అందరూ ఒడ్డు వైపు తిరిగారు. అసిరి మాత్రం ఉండబట్టలేక తల తిప్పింది.

వల మునగలేదమ్మా! దాని అంచుకి కట్టిన బెండులు తేలుతున్నాయి. ఆ వలలన్నీ ఒకదాని వెనక ఒకటి, ఊరేగింపులో చీరల్లాగా, ఉత్తరంగా సాగిపోతున్నాయి.

"అయ్యా, వలలు ఎక్కడికో పోతన్నాయి. ఎనకాలే పోదాం."

"సూసినావేటే! నోరు మూసుకో, ఎవరైనా ఇంటారు" అని ఎర్రయ్య గదిమాడు. కానీ తను ఊరు విడిచి పోయేముందు పిల్ల అడిగిన కోరిక. కాదనలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే పడవ తీశాడు.

వలలు పోయిన దారినే పోయారు. ఒకచోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి, బెండులు కొన్ని మునుగుతూ తేలుతున్నాయి. ఎర్రయ్య చప్పున గుర్తుపట్టాడు. "ఇది పాటల గుట్టే గదే!"

అసిరి తెడ్డు దించి చెవి పెట్టింది. ఏమీ లేదు. గొరక చేపలు పాడే కాలంలో, వాటి గుట్ట మీద, ఏమీ లేదు.

అప్పుడు ఇద్దరూ నీళ్ళలోకి దూకారు. కళ్ళు తెరిచి చూశారు. కొండంత గుట్ట! దాని మీద వల, వల మీద వల, ఎన్నో పండగల వలలు, గుట్టకి ఊపిరాడకుండా. ఓ బెండుకి ఎర్రగుడ్డ ముడి ఉంది. అది నిన్న వల వదిలేముందు అసిరి వాళ్ళమ్మ కట్టిన ముడి. ఆ వలలోనే ఓ తాబేలు చిక్కుకుని, ఇంకా బతికే ఉండి, వీళ్ళ వంక చూస్తోంది.

ఎర్రయ్య కత్తితో వల కోశాడు. తాబేలు తెడ్లలాంటి కాళ్ళతో పైకి లేచి, ఊపిరి పీల్చి, వెళ్ళిపోయింది. ఎర్రయ్య పడవ అంచు పట్టుకుని ఏడ్చాడు. "మనం ఇచ్చిన కానుకేనే. మనమే ఇచ్చినాం."

ఊళ్ళో చెప్పి, ఆ వలలు తీసేద్దామంటే సోమయ్య తాతకి కోపం వచ్చింది. ఊరికి పెద్ద ఆయనే. "ఎనక్కి సూడ్డమే తప్పు. ఇచ్చింది లాక్కుంటారా? గంగమ్మ ఊరుకుంటాదా?"

అసిరి ముందుకొచ్చి అడిగింది. "తాతా, నీ చిన్నప్పుడు వలలు దేంతో అల్లీవోరు?"

"నూలుతో. తుమ్మచెక్క నీళ్ళలో ఉడకబెట్టి..."

"నూలు వలని అమ్మ అరిగించుకుంది. ఈ నైలాను వల అరగదు తాతా. అమ్మ గొంతులో ముల్లయి కూకుంది. ముల్లు తీస్తానంటే ఏ అమ్మ కోప్పడతాది?"

తాత సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత తలపాగా బిగించి, "పడవలు తీయండ్రా" అన్నాడు.

హైలెస్సా అని లాగారు. మొదటి రోజు తాళ్ళు తెగాయి. రెండో రోజు చేతులు తెగాయి. మూడో రోజు వలలన్నీ కదిలి పైకొచ్చాయి, నల్లటి మబ్బు నీళ్ళలోంచి లేచినట్టు.

కానీ చేపలు రాలేదు. "వానలు వెళ్ళేదాకా చూస్తాను" అన్నాడు ఎర్రయ్య. మూట వాసానికే ఉంది.

అసిరి రోజూ తెడ్డు దించేది. చాన్నాళ్ళు అలల చప్పుడే. ఆ తర్వాత ఓ రోజు, తాలింపులో ఆవాలు పేలినట్టు చిటపట. "బుల్లి రొయ్యలే, తిరిగొస్తన్నాయి" అన్నాడు అయ్య. ఆ తర్వాత వానలు వెళ్ళాయి. మూట దించి అయ్య బయల్దేరాల్సిన రోజు వచ్చింది. అసిరి ఆఖరిసారి చెవి పెట్టింది.

గుర్ర్...

ఒక్కటే గొంతు. సన్నగా. అంత సముద్రంలో ఒకే ఒక్క చేప. కాసేపటికి ఇంకో గొంతు దానికి బదులు పలికింది.

అసిరి తెడ్డు అయ్య చేతికిచ్చింది. ఎర్రయ్య విన్నాడు. కళ్ళు మూసుకుని, పొద్దు వాలేదాకా విన్నాడు. ఇంటికొచ్చి మూట దించి, ముడి విప్పి, లోపలి పంచె తీసి దండెం మీద ఆరేశాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో గంగమ్మ పండగ చేస్తారు. నైలాను వలలు ఒడ్డునే ఉంచి, పిల్లలు అల్లిన చిన్న నూలు వల ఒక్కటి నీళ్ళలో వదులుతారు. వదిలాక అందరూ, తాతతో సహా, వెనక్కి తిరిగి చూస్తారు. అది మునిగేదాకా.

వల గట్టుకి, చేప గుట్టకి,
కథ కంచికి, మన కళ్ళు నిద్దరకి.