మోసేరాయుడి వాకిలి

మోసేరాయుడి కొండకు వచ్చే భక్తులకు మొదటి మనవి: తల వంచండి. గుడి వాకిలి నాలుగు అడుగులకు మించదు. మెట్ల దగ్గర బోర్డు పెట్టాం, గోడమీద ఎర్రరంగుతో రాయించాం, మైకులో కూడా చెబుతూనే ఉన్నాం. అయినా రోజూ ఎవరో ఒకరు ఫోను చూసుకుంటూ వచ్చి నుదురు బొప్పి కట్టించుకుంటారు. పాపం, అర్చకస్వామి పసుపు సిద్ధంగా ఉంచుకుంటారు. వాకిలి కాస్త ఎత్తు చేయించకూడదా అని ఏటా ఒక పెద్దమనిషి సలహా ఇస్తారు. సలహాకు సంతోషమే గానీ, ఈ కథ చదివాక ఆయనే ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

లోపల గుహలో వెలసినవాడు గుహేశ్వరుడు. వాకిట్లో పైరాయిని నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో పట్టి నిలిచిన పొట్టి శిలారూపం మోసేరాయుడు.

పూర్వం ఇక్కడ మరుగుజ్జుల రాజ్యం ఉండేది. ఊళ్ళలో వారిని చూసి నవ్వేవారే తప్ప పని ఇచ్చేవారు లేరు. విసిగిపోయి అందరూ ఈ కొండకు చేరి, గుహలోని ఈశ్వరుణ్ణి ఆశ్రయించారు. స్వామి వారి పెద్దకు కలలో కనిపించి, కొండ కడుపును వారికి ఇచ్చానని, తొలుచుకుని బతకమని చెప్పాడు. ఒక్క కట్టడి మాత్రం పెట్టాడు. తొలిచేది వారి తలపైన బెత్తెడు వరకే. ఆ పైనున్న బరువు తాను చూసుకుంటానని, దాని జోలికి రావద్దని అన్నాడు.

వారు ఆ మాట తప్పలేదు. వంగకుండా నడవగలిగినంత ఎత్తులోనే ఇళ్ళు, వీధులు, కొలువుకూటం తొలుచుకున్నారు. రాతిలో దొరికిన ఇనుముతో నాగళ్ళకు కర్రులు చేశారు. ఆ కర్రు ఒకసారి బిగిస్తే తండ్రి దున్నాక కొడుకు కూడా దానితోనే దున్నేవాడట. నవ్విన ఊళ్ళవారే ధాన్యం బండ్లు కట్టుకుని కొండకింద బారులు తీరారు. ఎంత చల్లగా బతికారో చెప్పలేం.

అలా కొన్ని తరాలు గడిచాక బాచిరేడు రాజయ్యాడు. మంచివాడు, పనిమంతుడు. కూతురు మైలమ అంటే ప్రాణం. అతనికి ఉన్న కొరత ఒక్కటే, మైదానపు రాజులు తనను సాటివాడిగా చూడాలని. ఒక ఉత్సవానికి ఎర్రభూపతి అనే రాజును పిలిచాడు. ఎర్రభూపతి ఆరడుగుల మనిషి. వాకిలి దాకా వచ్చి, వంగి దూరడానికి ఇది గొడ్లకొట్టమా అని నవ్వి గుర్రం తిప్పుకుపోయాడు. బాచిరేడుకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే కొలువుకూటం కప్పును, ముందువాకిలిని రెండు నిలువుల ఎత్తుకు తొలిచేయమన్నాడు.

పెద్దలు స్వామి కట్టడిని గుర్తుచేశారు. మైలమ తండ్రి చేతులు పట్టుకుని, మనకు సరిపోయిన ఇల్లు మనకు తక్కువెలా అవుతుందని అడిగింది. బాచిరేడు వినలేదు. ఆ జనానికి తలపైకి చూస్తూ పనిచేయడమే తెలియదు. నిచ్చెనలెక్కి, కళ్ళలో రాతిపొడి పడుతుంటే తుడుచుకుంటూ, రాజు ముచ్చట కోసం స్వామి వాటాలోకి ఉలి దించారు.

ఎర్రభూపతి మళ్ళీ వచ్చాడు. ఈసారి తల ఎగరేసుకునే లోపలికి నడిచాడు. కొలువంటే ఇదీ అన్నాడు. బాచిరేడు కళ్ళు చెమ్మగిల్లాయి. అంతలో కప్పునుంచి నీటిచుక్కలు రాలాయి, వెనువెంటనే రాళ్ళు. ముందువాకిలి పెళపెళా కూలి మూసుకుపోయింది. రాజ్యమంతా లోపల చిక్కుకుంది.

మిగిలింది తూర్పున ఉన్న ఈ పాతవాకిలి. దీని జోలికి ఎవరూ పోలేదు. అయినా కొండ కదలడంతో దీని పైరాయి కూడా పగిలి బెత్తెడు కిందికి దిగింది. బాచిరేడు పరుగున వచ్చి దానికింద నిలబడ్డాడు. రాయి సరిగ్గా అతని నెత్తిన ఆగింది. ఎర్రభూపతి కూడా సాయం పట్టబోయాడు గానీ, అంత మనిషి ఆ రాయికింద నిటారుగా నిలవలేడు. వంగినవాడికి బరువు ఆగదు. చివరికి ఆయనా పసిబిడ్డలా పాకుకుంటూ, తాను నవ్విన మనిషి మోచేతికిందుగానే బయటపడ్డాడు. ముసలివారు, బాలింతలు, పిల్లలు అందరూ అలాగే వచ్చారు.

ఆఖరున మైలమ వచ్చింది. వచ్చి, వెళ్ళకుండా ఆగిపోయింది. రెండు అరచేతులూ రాయికి ఆనించి అంది:

"కాసేపు నేను పట్టుకుంటాను నాయనా, నువ్వు దిగు."

తాను కదిలితే ఇద్దరిమీదా పడుతుందని బాచిరేడుకు తెలుసు.

"తప్పు చేశాను తల్లీ. ఈ బరువు నాది. నువ్వు పోయి మనవాళ్ళకు నీడ చూడు."

ఆమె ఏడుస్తూ బయటికి వచ్చింది. దుమ్ము అణిగాక చూస్తే బాచిరేడు శిలైపోయి ఉన్నాడు. రాజ్యం నేలమట్టమైనా ఒక్క ప్రాణం పోలేదు, అతనిది తప్ప. మరుగుజ్జులు చుట్టుపక్కల ఊళ్ళలో కొలుములు పెట్టుకుని, ఆ జనంలోనే కలిసిపోయారు. వారి రక్తం మనలో ఎవరిలో ఉందో ఎవరికి తెలుసు! మైలమ మాత్రం బతికినన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి, రాయికి చేతులు ఆనించి, ఆ మాటే అనేదట.

నేటికీ ఇక్కడ అదే మొక్కు. కొబ్బరికాయ తేకపోయినా పరవాలేదు. లోపలికి వెళ్ళేముందు రెండు చేతులూ పైరాయికి ఆనించి, "కాసేపు మేం పట్టుకుంటాం, నువ్వు దిగవయ్యా" అనాలి. ఇంటిల్లిపాది భారాన్నీ ఒంటరిగా మోసేవారు ఇలా చేస్తే వారికి సాయం పట్టే చెయ్యి ఒకటి దొరుకుతుందని నమ్మకం. దొరికిందని చెప్పినవారు చాలామంది ఉన్నారు. నమ్మనివారు, సరదాకి వచ్చినవారు కూడా నవ్వుతూనే చేతులు పెడతారు. తీసేటప్పుడు మాత్రం ఎవరూ చటుక్కున తీయరు. ఆయన మళ్ళీ పట్టుకున్నాడో లేదో అన్నట్టు, మెల్లగా, ఒక్కో చెయ్యే తీస్తారు.