కలపని విత్తనం

సోయం బాపయ్య సారుతో ఉన్న చిక్కు ఒక్కటే. అవునా కాదా అని అడిగితే ఆ రెండింట్లో ఏదీ చెప్పడు, ఒక ఊరి సంగతి ఎత్తుకుంటాడు. బడి ఉద్యోగం మానినా కోయ పిల్లలు ఆచారాలు, పాటలు నేర్చుకోవడానికి ఆయన ఇంటికే వస్తారు. ఆ రోజు వచ్చిన తెల్లం రఘు మాత్రం నేర్చుకోవడానికి రాలేదు. లా చదువుతున్నవాడు, ఆయన శిష్యుల్లో చురుకైనవాడు. వాళ్ల గూడేల పెద్దరికం వాళ్ల మామకు రావాలని కేసు వేయబోతున్నారు. సారు బోనెక్కి ఆచారం ఇదీ అని సాక్ష్యం చెప్పాలట.

"మన ఆచారం కోర్టు తీర్పులోకి ఎక్కితే ఇక ఎవడూ కాదనలేడు. అది మంచిదే కదా సార్?" అన్నాడు.

సారు చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. తన తల్లి పుట్టిన గూడెం సంగతి చెప్పాడు. ఆ రోజు నేనూ సారు ఇంట్లోనే ఉన్నాను కాబట్టి విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ వైపు పెద్ద చనిపోతే, విత్తనాల పండుగనాడు కొత్త పెద్దను ఎన్నుకుంటారు. నిలబడ్డవాళ్ల ముందు తలా ఒక చాట పెడతారు. ప్రతి ఇంటివాళ్లూ దోసెడు విత్తనం తెచ్చి తమకు నచ్చినవాడి చాటలో పోస్తారు. ఎవరికి పోశారో బయటికి చెప్పరు. ముసలివాళ్లు కుప్పల్ని కంటితో చూసి పేరు చెబుతారు. గెలిచినవాడు చేసే మొదటి పని కుప్పలన్నీ ఒక్కటిగా కలిపేయడం. ఆ కలిపిన విత్తనం ఇంటింటికీ తిరిగి పంచుతాడు. బీద ఇంటితో మొదలుపెడతాడు. ఆ దోసెడు చేలో పడేదాకా ఎవరూ విత్తరు. ఎన్నిక లేని ఏడు పెద్ద ముందు ఒక్క చాటే పెట్టి, అందులో పోసిందే పంచుతారు.

ఆ ఏడు కుంజా జోగయ్య, అతని చిన్నాన్న కొడుకు లచ్చయ్య నిలబడ్డారు. ముసలివాళ్లు చూసి జోగయ్య అన్నారు. లచ్చయ్య ఒప్పుకోలేదు. "వాడి చాటలో జొన్నలు, నా చాటలో సామలు. నా గింజ చిన్నది, నాకు పోసిన ఇళ్లు ఎక్కువ" అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. "అయితే తూకం వెయ్యి" అన్నాడు జోగయ్య. తూకమని నోరు జారినవాడు తనే కాబట్టి, కుప్పలు కలపడానికి అతనికీ చెయ్యి రాలేదు. కలిపేస్తే రుజువు పోతుందని ఇద్దరికీ ఒకేసారి తెలివి వచ్చింది. పాడు తెలివి. ఇద్దరూ కోర్టుకెక్కారు. నెల తిరక్కుండా కోర్టు మనిషి వచ్చి రెండు కుప్పల్నీ రెండు సంచుల్లోకి ఎత్తించి, లక్క ముద్ర వేసి పట్టుకుపోయాడు.

సంచి మూతి కడుతుంటే కోసమ్మ అడ్డం వెళ్లింది. ఒంటరి మనిషి, ఆ ఇద్దరికీ మేనత్త. ఆ ఏడు ఆమె చేను పందుల పాలైంది. మిగిలిందల్లా దోసెడు ఎర్ర కొర్రలు. ఎలాగూ తిరిగి వస్తుంది కదా అని అంతా పోసేసింది.

"బాబూ, నా దోసెడు నాకిచ్చి ముడేసుకోండి. వాన పడేట్టుంది."

"ఎవరి చాటలో పోశావో చెప్పమ్మా, రాసుకుని జడ్జిగారిని అడుగుతాను."

"అది చెప్పేదైతే కుప్పలు కలపడమెందుకయ్యా?"

ఆయన మంచివాడే. కానీ ఏం చేస్తాడు? సంచులు జీపెక్కాయి.

కోసమ్మ వాయిదా వాయిదాకీ బస్సెక్కి వెళ్లేది. జడ్జిగారు కూడా జాలిపడి అదే అడిగారు. ఆమె నోరు విప్పబోతే రెండు వైపుల వకీళ్లూ లేచారు. దోసెడు తీస్తే కుప్ప తగ్గుతుందట. తమలో తాము కొట్టుకుంటున్నవాళ్లు ఆమె గింజలు ఇవ్వకూడదన్న దగ్గర మాత్రం ఒక్కటయ్యారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వానలు వచ్చాయి, పోయాయి. తక్కినవాళ్లు కొన్నాళ్లు చూసి బజారు విత్తనం తెచ్చి పత్తి వేశారు. కోసమ్మ చేను బీడు పడింది. చివరికి దాన్ని పత్తి షావుకారుకి కౌలుకిచ్చి, అదే చేలో కూలికి పోయింది.

తీర్పు జోగయ్యకే వచ్చింది. ముసలివాళ్లు కంటితో చూసి చెప్పడమే ఆచారమని, తూకం అక్కర్లేదని చక్కగా రాశారు. ఎవరి సంచి వారికి ఇప్పించారు. డోళ్లు మోగాయి. ఆచారం ప్రకారం జోగయ్య మొదట కోసమ్మ గుమ్మంలోకే వచ్చి సంచి విప్పాడు. ఆమె చెయ్యి పెట్టి తీసింది. గుల్ల గింజలు, పురుగు పిండి.

"ఇందులో లచ్చయ్య కుప్ప ఏదిరా?"

"అది వాడికే ఇచ్చారత్తా. ఎవరిది వాళ్లకే."

"మరి నా దగ్గరికెందుకు తెచ్చావు?"

జోగయ్య సంచి మూతి మళ్లీ ముడేశాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, కొడవలి తీసుకుని కూలికి వెళ్లిపోయింది. ఆ దోసెడు ఎవరికి పోసిందో ఎవరికీ చెప్పకుండానే తర్వాతి ఎండాకాలంలో కన్నుమూసింది. జోగయ్య మాత్రం పెద్దగానే ఉన్నాడు. విత్తనాల పండుగకు చాట పెట్టుకుని కూర్చుంటే ఎవరూ రారు. పత్తి గింజలు ప్యాకెట్‌లో వస్తాయి, పోయడానికి ఏముంది?

సారు ఆగాడు. వకీలు బుద్ధి ఊరుకోదు కదా, రఘు అడిగాడు.

"అంటే కోర్టు తప్పు తీర్పు ఇచ్చిందంటారా సార్?"

"లేదురా, సరిగ్గానే ఇచ్చింది" అన్నాడు సారు, ఆరిన చుట్ట మళ్లీ అందుకుంటూ. "పెద్ద ఎవరని అడిగారు, చెప్పింది. కలపమని ఎవరూ అడగలేదు."