నాలుగు ఓమ్‌ల పెళ్ళికారు

గవర్రాజు ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఈ మాట ఊళ్ళో మరెవరూ అనరు గానీ, వాళ్ళింట్లో మాత్రం రోజుకోసారైనా అనుకుంటారు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుని, "మనకున్న తెలివి ఇంకెవరికైనా ఉందంటావా?" అని అడుగుతాడు గవర్రాజు.

"ఎలా ఉంటుందండీ, మొత్తం మన దగ్గరే ఉంటే," అంటుంది భార్య వరాలు.

తమ్ముడు బుల్లియ్య అవునని తల ఊపుతాడు. చెవులు సరిగ్గా వినబడకపోయినా, వాడు ఊపాడు కదా అని మంచం మీద మామ్మ కూడా ఊపుతుంది.

వాళ్ళ తెలివికంతా ఒకటే సూత్రం. ఎదుటివాడు ఏం చెప్పాడో అదే చెయ్యాలి, సొంత కవిత్వం కలపకూడదు. ఆ మధ్య మామ్మకి దగ్గొస్తే డాక్టరు గారు మాత్ర ఇచ్చి, "పడుకునే ముందు వెయ్యండి" అన్నాడు. అంతే. మామ్మ ఎక్కడ పడుకుంటుందో చూసి, సరిగ్గా దాని ముందు నేలమీద మాత్ర వేశారు. తెల్లారేసరికి దగ్గు తగ్గలేదు. కాస్త కుడిపక్కగా వెయ్యాల్సిందేమో అనుకున్నారు.

అలాంటి ఇంట్లో పెళ్ళి కుదిరింది. గవర్రాజు చెల్లెలు భూలక్ష్మికి పక్క ఊరి అబ్బులు గారి కొడుకు నాగరత్నంతో సంబంధం. అబ్బులు గారికి మోత అంటే ప్రాణం. "మేళం లేకుండా మావాడు విడిది గడప దాటడు అబ్బాయీ, బ్యాండు మాట్లాడావా?" అని అడిగాడాయన.

గవర్రాజు మీసం దువ్వుకున్నాడు. "బ్యాండెందుకు మావయ్యగారూ? మా కార్లో సబ్‌వూఫరు పెట్టిస్తున్నాం. పాట వేస్తే మీ పళ్ళు వాటంతటవే తాళం వేస్తాయి."

అబ్బులు గారు సంబరపడిపోయాడు. గవర్రాజు అదే ఊపులో బ్యాండు వాళ్ళని వద్దనేశాడు. ఆ రోజుల్లో ముహూర్తాలు ఎక్కువ, వద్దనగానే వాళ్ళు ఇంకో పెళ్ళి ఒప్పుకున్నారు. ఇంకేముంది, చెల్లెలి పెళ్ళి పరువంతా ఆ సబ్‌వూఫరు పెట్టె మీద పడింది.

ఆ పెట్టెని బుల్లియ్య ఎక్కడో పాతదాన్ని సంపాదించుకొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ దాన్ని మోసుకుని బజారులో సత్తారు ఆడియో షాపుకి వెళ్ళారు. సత్తారు పెట్టెని వెనక్కి తిప్పి చూశాడు.

"చూడండి గవర్రాజు గారూ, సబ్‌వూఫరు దానంతటది అరవదు. వెనకనుంచి దాన్ని అరిపించేది ఆంప్లిఫయరు. ముందు ఈ రెండింటికీ మ్యాచింగ్ చూసుకోవాలి. మీ పెట్టె నాలుగు ఓమ్‌లు. ఆంపుకీ నాలుగు ఓమ్‌లే పడాలి. తగ్గాయా, ఆంపు కాలిపోతుంది. పెరిగాయా, సౌండు నీరసిస్తుంది. తరవాత బ్యాటరీ నుంచి లావు వైరు ఎవరికీ కనబడకుండా డిక్కీలోకి లాగాలి. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. ఎర్తు వైరు బాడీకి బిగించాలి. పైన రంగు గీకేసి, లోపల ఇనుము కనబడ్డాక బిగించాలి. ఇవన్నీ మీకెందుకు, రేపు కారు తీసుకురండి, నేను చేసిపెడతా."

"చెప్పావు కదా, చాలు," అన్నాడు గవర్రాజు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు."

ఆంపూ, వైర్లూ, ఫ్యూజూ సంచిలో వేసుకుని, సత్తారుని పెళ్ళి భోజనానికి పిలిచి బయటపడ్డారు.

"ముందు మ్యాచింగ్ అన్నాడు," గుర్తుచేశాడు బుల్లియ్య.

అంతే. పెట్టె ఒకరు, ఆంపు ఒకరు నెత్తిన పెట్టుకుని తిన్నగా చీరల బజారులో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళారు. కౌంటరు దగ్గర అమ్మాయి తలెత్తకుండానే, "చీర ఏదండీ?" అంది.

"చీర కాదమ్మా. ఇది పెట్టె, ఇది ఆంపు. రెండింటికీ మ్యాచింగ్ చూడు."

పెళ్ళిళ్ళ సీజన్లో ఆ అమ్మాయి దేనికీ ఆశ్చర్యపోయే స్థితిలో లేదు. నల్ల తాను ఒకటి, వెండి అంచుది ఒకటి తీసి పెట్టె మీద పరిచి చూసింది. "నలుపే నప్పుతుందండీ. లైనింగ్ వెయ్యమంటారా?" అంది.

"వెయ్యండి. పెళ్ళికి వెళ్ళేది," అన్నాడు గవర్రాజు.

వరాలు రాత్రికి రాత్రి రెండింటికీ జాకెట్లు కుట్టేసింది, వెనకాల హుక్కులతో సహా. పొద్దున్నే చూస్తే పెట్టే ఆంపూ అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి. పెళ్ళి రోజు పొద్దున్నే శుభమా అని మొదటి పని ఇంత బాగా కుదిరింది.

ఇక ఓమ్‌లు. ఆంపుని పీట మీద పెట్టి చుట్టూ నలుగురూ మఠం వేసుకుని కూర్చున్నారు.

"నాలుగే పడాలి. పెళ్ళికూతుర్ని వదిలేస్తే మనమూ నలుగురమే. మనిషికొకటి," అన్నాడు గవర్రాజు. "ఓం."

"ఓం," అంది వరాలు.

"ఓం," అన్నాడు బుల్లియ్య.

మామ్మకి వినబడలేదు. బుల్లియ్య చెవి దగ్గరికెళ్ళి, "ఓం అనాలి మామ్మా," అని అరిచాడు. "ఓం," అంది మామ్మ.

అందరూ ఒక్కసారిగా బిగుసుకుపోయారు. మామ్మకి చెప్పడానికి బుల్లియ్య అన్నది కూడా లెక్కలో పడిపోయింది. ఐదయ్యాయి.

"పెరిగితే సౌండు నీరసిస్తుందన్నాడు," అంది వరాలు గుండెమీద చెయ్యేసుకుని.

గవర్రాజు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఇంటి పెద్దన్నాక ఇలాంటప్పుడే బుర్ర పనిచెయ్యాలి. "ఒరేయ్ బుల్లియ్యా, వేసిన ముడి ఎలా విప్పుతాం? వెనక నుంచి. నువ్వన్నది వెనక నుంచి అనేయ్. అది ఊడొచ్చేస్తుంది."

బుల్లియ్య ఆంపు దగ్గరికి వంగి భక్తిగా, "మో," అన్నాడు.

ఆ తెలివికి వరాలు మొగుడి వంక చూసిన చూపు, పెళ్ళైన కొత్తలో కూడా చూడలేదు.

తరవాత వైరు. ఎవరికీ కనబడకుండా లాగాలన్నాడు సత్తారు. పందిట్లో చుట్టాలందరినీ టిఫినుకి తోలేశారు. అప్పుడు బుల్లియ్యకి అనుమానమొచ్చింది. "ఎవరికీ అన్నాడన్నయ్యా. మనం కూడా ఎవరో ఒకరమే కదా?"

నిజమే. ఇద్దరూ కళ్ళు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ చేతికి దొరికిన తీగ పట్టుకుని బలమంతా పెట్టి లాగారు. ఏదో ఫట్టున తెగింది. ఇంకాస్త లాగారు. కళ్ళు తెరిచి చూస్తే డిక్కీ నిండా తడి బట్టలు. లాగింది పెరట్లో దండెం తీగ. మామ్మ చీర, అబ్బులు గారికి పెట్టాల్సిన కొత్త పంచె, దాంతోపాటే వచ్చేశాయి. లావు వైరు చుట్ట చుట్టినట్టే అరుగు మీద ఉంది.

"ఎవరికైనా కనబడిందా?" అన్నాడు గవర్రాజు.

"మనకే కనబళ్ళేదు."

"అయితే సరిగ్గానే చేశాం."

ఫ్యూజుకి బుల్లియ్య తనే పూనుకున్నాడు. జాన కొలిచి, బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫ్యూజుని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "ఊరేగింపు అయ్యేదాకా కదలనన్నయ్యా. బానెట్ మెల్లగా దించు."

మిగిలింది ఎర్తు. బాడీకి బిగించాలి, రంగు గీకాలి. గవర్రాజు తన బాడీ వంక చూసుకున్నాడు. పొద్దున నలుగులో చుట్టాలు పూసిన పసుపు ఒళ్ళంతా ఉంది. రంగంటే ఇదేనన్నమాట, సత్తారు ఎంత ముందుచూపున్నవాడు అనుకుని చొక్కా విప్పి వీపు తిప్పాడు. వరాలు కొబ్బరిపీచు తెచ్చి రుద్దడం మొదలెట్టింది.

"ఇనుము కనబడిందా?"

"లేదండీ. ఎర్రగా కనబడుతోంది."

"అది తుప్పు. ఇంకా గీకు."

కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా గవర్రాజు పళ్ళు బిగబట్టాడు. చెల్లెలి కోసం ఆ మాత్రం ఓర్చుకోలేడా? వీపు మండిపోతుంటే నడుముకి ఎర్తు వైరు చుట్టుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని పాట స్విచ్చి నొక్కాడు.

చడీచప్పుడూ లేదు.

ఇంకోసారి నొక్కాడు. దండెం తీగ మీంచి ఒక నీటిచుక్క టప్పుమని రాలింది. అంతే.

సరిగ్గా అప్పుడే విడిది నుంచి ఫోనొచ్చింది. "పెళ్ళికొడుకు తయారై కూర్చున్నాడు అబ్బాయీ. గోధూళి వేళ ముహూర్తం. కారేదీ, మోతేదీ?" అన్నాడు అబ్బులు గారు. కిటికీలోంచి భూలక్ష్మి చూస్తోంది, బుగ్గన చుక్కతో. "అన్నయ్యా, చెప్పినవన్నీ చేశారు కదా, మరి ఎందుకు పాడట్లేదు?" అంది మెల్లగా. ఆ ప్రశ్న గవర్రాజుకి పీచు కంటే గట్టిగా గీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తమ తెలివి ఎక్కడైనా కాస్త కారిపోయిందేమోనని భయం వేసింది.

అప్పుడొచ్చాడు సత్తారు, భోజనానికి. వచ్చినవాడు కారు ముందు నిలబడిపోయాడు. జాకెట్లు తొడుక్కున్న ఆంపుని చూశాడు. డిక్కీలో పంచె చూశాడు. బానెట్ కింద నుంచి, "నేను ఫ్యూజు దగ్గరే ఉన్నాను సత్తారూ," అన్న గొంతు విన్నాడు. గవర్రాజు నడుముకి ఉన్న వైరు చూశాక మాత్రం అక్కడే ఉన్న కుర్చీలో కాసేపు కూర్చున్నాడు.

"ఓమ్‌లు నాలుగే పడ్డాయి. లెక్క తప్పలేదు," అన్నాడు గవర్రాజు బెంగగా.

సత్తారు లేచి బుల్లియ్యని బయటికి లాగాడు, జాకెట్లు ఊడదీశాడు, అరగంటలో వైర్లన్నీ చోట్లో పెట్టి బిగించాడు. పరీక్షకని పెన్‌డ్రైవు పెట్టి, ఆగకుండా తిరిగే ఒక ముక్క వేశాడు. పాట కాదది, ఉత్త దరువు. దబ్బు, దబ్బు, దబ్బు. పందిట్లో గ్లాసులు బల్లమీద నుంచి నడుచుకుంటూ వెళ్ళి కింద పడ్డాయి. మంచం మీద మామ్మ లేచి కూర్చుని, "ఎవరో తలుపు కొడుతున్నారు చూడండి," అంది. ఎవరూ చెవిలో అరవకుండా ఏళ్ళ తరబడి ఆవిడకి వినబడ్డ మొదటి చప్పుడది.

"ఇక దండం పెడతాను," అన్నాడు సత్తారు. "స్విచ్చీ, వాల్యూమూ, పాటా, దేన్నీ ముట్టుకోవద్దు. బండి నడపండి, అంతే." అని పంక్తిలోకి వెళ్ళిపోయాడు.

ముట్టుకోవద్దన్నాక ఇంకెవరు ముట్టుకుంటారు? ఆ దరువుతోనే విడిదికి వెళ్ళి నాగరత్నాన్ని వెనక సీట్లో ఎక్కించుకుని ఊరేగింపు సాగించారు. వీధి వీధంతా దబ్బు, దబ్బు. అబ్బులు గారు తలపాగా ఊడదీసి మరీ గంతులేశాడు. పళ్ళు నిజంగానే తాళం వేస్తున్నాయని పిలిచి అందరికీ చూపించాడు. గవర్రాజు ఛాతీ ఉబ్బింది.

కారు పందిరి ముందు ఆగింది. ఆడవాళ్ళు హారతి పళ్ళెం కోసం లోపలికి పరిగెత్తారు. పురోహితుడు మంత్రం మొదలెట్టాడు. దబ్బు. మళ్ళీ మొదలెట్టాడు. దబ్బు. ఆయన పుస్తకం మూసేసి అబ్బులు గారి వంక చూశాడు. గంతులేసి అలిసిపోయిన అబ్బులు గారికీ అప్పటికి తల దిమ్మెక్కింది.

"బాబూ, కాస్త తగ్గించు," అని అరిచాడు.

"ముట్టుకోకూడదు మావయ్యగారూ."

"అయితే బండి దూరంగా తీసుకెళ్ళు నాయనా. ఆ మోత వినబడనంత దూరం తీసుకెళ్ళు."

అంతే. గవర్రాజు గేరు మార్చాడు. హారతి పళ్ళెంతో వచ్చిన వరాలు గాలికి హారతి పట్టింది. కారు వెళ్ళిపోయింది, వెనక సీట్లో పెళ్ళికొడుకుతో సహా.

వీధి చివర ఆపి విన్నాడు. దబ్బు. వినబడుతూనే ఉంది. రైసు మిల్లు దాటి ఆపాడు. దబ్బు. రైలు గేటు దాటాడు, ఇటుక బట్టీలు దాటాడు, జీడితోటలు దాటాడు. ఆగినచోటల్లా అదే మోత. "సత్తారు ఎంత మంచి సామాను ఇచ్చాడు," అనుకున్నాడు గవర్రాజు. "ఇన్ని మైళ్ళొచ్చినా సౌండు ఇసుమంత తగ్గలేదు." అద్దంలో చూస్తే నాగరత్నం నోరు పెద్దగా తెరుస్తూ, రెండు చేతులూ ఊపుతూ కనిపించాడు. బావగారికి దరువు బాగా ఎక్కిందనుకుని మురిసిపోయి ఇంకాస్త వేగం పెంచాడు.

ఎక్కడో మామిడితోట పక్కన ఫ్యూజు టక్కుమంది. నిశ్శబ్దం. తోటలో పిట్టల కూత వినబడింది. గవర్రాజు హాయిగా ఊపిరి పీల్చి, కారాపి, ఫోను తీశాడు.

"మావయ్యగారూ, చోటు దొరికింది. ఇక్కడికి అస్సలు వినబడటం లేదు. ఇక మంత్రాలు కానివ్వండి."

"పెళ్ళికొడుకేడిరా?" అని అరిచాడు అబ్బులు గారు.

గవర్రాజు వెనక్కి తిరిగి చూశాడు. గొంతు పోయిన నాగరత్నం ఊరికే చూస్తున్నాడు. "నా దగ్గరే భద్రంగా ఉన్నారండి. చాలా నెమ్మదస్తులు. ఇంత దూరంలో ఒక్క మాట వినబడితే ఒట్టు."

అవతల ఏదో కలకలం. పురోహితుడి గొంతు, భూలక్ష్మి ఏడుపు, సర్దిచెబుతున్న సత్తారు. చివరికి అబ్బులు గారు మళ్ళీ ఫోను అందుకున్నాడు. "ఇంకో మంచి గడియ ఉందట. నీ పుణ్యముంటుంది అబ్బాయీ, నువ్వింకేమీ ఆలోచించకు. బండి వెనక్కి తీసుకురా. తొందరగా వెనక్కి తీసుకురా."

"అలాగేనండీ," అన్నాడు గవర్రాజు.

చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. మెడ వెనక్కి తిప్పాడు, సీటు మీద చెయ్యి ఆనించాడు, రివర్సు గేరు వేశాడు. జీడితోటలు, ఇటుక బట్టీలు, రైలు గేటు, రైసు మిల్లు, అన్నీ వెనక్కి వెనక్కే దాటుకుంటూ వచ్చాడు. పందిరి ముందు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకి దూరంగా కారు కనిపించింది. తీరా చూస్తే పెళ్ళికొడుకు వీపు ఇటుంది, ముఖం అటుంది. వస్తున్నాడో వెళ్ళిపోతున్నాడో తేల్చుకోలేక, వరాలు ఎందుకైనా మంచిదని డిక్కీకే హారతిచ్చి బొట్టు పెట్టేసింది.