ఎండిన దుబ్బుకు కాపలా

రండి పిల్లలూ, దగ్గరగా జరగండి. ఈశ్వరుణ్ణి ఒక్కసారి తలుచుకోండి. అనగనగా ఒక రాజు. ఆ రాజుకు వకుళవల్లి అని ఒక్కగానొక్క కూతురు. మనసు వెన్నే గానీ, కోపం మాత్రం నిప్పు.

ఆమెను పెళ్ళాడాలని చిత్రాంగదుడనే రాకుమారుడు ఏడు సముద్రాలు దాటి వచ్చాడు. ఆమె మీదే కన్నేసిన కరాళుడనే మాంత్రికుడు మండిపడి, పెళ్ళిపీటల మీదే అతణ్ణి చెంగల్వకోష్ఠు దుంపగా మార్చేశాడు. అడవిలో మనిషికన్నా ఎత్తు పెరిగే తెల్లపూల మొక్క అది.

"నీ తోటలో నాటుకో! నీ తలను దాటి పెరిగి పూస్తే నీ మొగుడు నీకు దక్కుతాడు. ఈలోగా మీవాళ్ళెవరైనా పెకలించారో, నువ్వు నాదానివి!" అన్నాడు.

వకుళవల్లి నాటింది. మొక్క నడుం దాకా లేచింది. చలికాలం రాగానే పసుపుబారి, నేలకు వాలి, ఎండిపోయింది.

మాంత్రికుడు సన్నాసి వేషంలో తోటమాలి దగ్గరికొచ్చి, "చచ్చిన మొక్క, పీకెయ్ నాయనా" అన్నాడు. మాలి పార ఎత్తాడు.

"ముట్టుకుంటే ఊరుకోను!" అని ఉరిమింది వకుళవల్లి.

గాజులమ్మే ముసలమ్మ వేషంలో చెలికత్తెల దగ్గరికొచ్చి అదే మాట అన్నాడు. వాళ్ళూ వంగారు.

"ముట్టుకుంటే ఊరుకోను!"

చివరికి జ్యోతిష్కుడి వేషంలో రాజుగారి చెవిలోనే ఊదాడు.

"తల్లీ, ఎండుపుల్లలకు కాపలా ఏమిటే? నలుగురూ నవ్వుతున్నారు" అన్నాడు రాజు.

"మీరు ముట్టుకున్నా ఊరుకోను, నాన్నగారూ!"

ఎండలు ముదిరాయి. ఇక ఆమె కోపం ఆ దుబ్బు మీదికే మళ్ళింది. "ఉన్నావా, పోయావా? ఒక్క ఆకైనా చూపించవేం?" అంటూ తానే గునపం ఎత్తింది!

"ఆగు తల్లీ!" అంది పొదలోంచి ఒక ఏదుపంది. "దుంపలు తిని బతికేదాన్ని. ఇక్కడి వాసనకు నోరూరి చస్తున్నాను. కుళ్ళిన దుంపకు నాకు నోరూరుతుందా? వానల దాకా నిద్రపోతోంది, అంతే."

"నువ్వు తిన్నావో, నీ ముళ్ళన్నీ పీకేస్తా!"

"మంచి చెప్పినందుకు ఇదా మర్యాద!" అని గొణుక్కుంటూ పోయింది ఏదుపంది.

వకుళవల్లి గునపం పారేసి, దుబ్బు పక్కనే కూలబడి ఏడ్చింది. దేవుడు చల్లగా చూశాడు. తొలకరి పడింది. ఎర్రటి మొలకలు మెలితిరుగుతూ లేచాయి. శ్రావణానికల్లా ఆమె తలను దాటాయి. ఎర్రని కంకి మీద తెల్లని పువ్వు విచ్చింది. ఆ పువ్వు కింద చిత్రాంగదుడు నిలబడి ఉన్నాడు! కరాళుడు ఉన్నచోటే ఎండుపుల్లై విరిగిపడ్డాడు.

"ఇంత ఆలస్యమా!" అని మొగుణ్ణి గద్దించి, అప్పుడు నవ్వింది వకుళవల్లి.

పెళ్ళయింది. వాళ్ళిద్దరూ ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకుంటూ చాలాకాలం ఏలారు. ఏటా చలికాలంలో ఆ దుబ్బు ఎండిపోయింది మొదలు వానల దాకా, ముసలి రాజు గొడుగేసుకుని దాని పక్కనే కూర్చునేవాడు. ఎవరైనా అటు తొంగిచూశారో, కర్ర ఎత్తి అరిచేవాడు:

"ముట్టుకుంటే ఊరుకోను!"