రాజుగారి తల వంచేదెవరు?

వేణుగిరి సంస్థానానికి కొత్తగా కరెంటు వచ్చిన రోజుల్లో దివాను జోగప్ప పట్నం నుంచి ఒక గడ్డం మిషను తెప్పించాడు. నురగా నీళ్లూ లేకుండా, పొడి మీదే గడ్డమూ తలా గీసుకోవచ్చట. గాటన్నదే పడదట.

“ఇక ఆస్థాన క్షురకుడెందుకు ప్రభూ? పైడయ్య మాన్యం వెనక్కి తీసేసుకుందాం,” అన్నాడు దివాను. ఆ పొలం మీద అతని బావమరిదికి ఎప్పటినుంచో కన్నుంది.

రాజుగారు నున్నగా గడ్డం గీసుకుని మురిసిపోయారు. తలకు వచ్చేసరికి మాత్రం వెనకవైపు కనపడక జుట్టు కుచ్చులు కుచ్చులుగా మిగిలిపోయింది.

పక్కనే నిలబడ్డ పైడయ్యకు ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు. అయినా నెమ్మదిగానే అన్నాడు. “మిషను భేషుగ్గా ఉంది దొరా. మిగిలింది దివానుగారు గీసేస్తారు. తమరి తల ముందుకు వంచి పట్టుకుంటే చాలు.”

మిషను అందుకోబోయిన దివాను చెయ్యి మధ్యలోనే ఆగింది. క్షురకుడు తప్ప ఇంకెవరు రాజు తల వంచినా రాజద్రోహమని ఆ సంస్థానంలో కట్టడి.

“ఏం దివానూ, వంచుతావా?” అన్నారు రాజుగారు.

“అపచారం ప్రభూ. ఆ పని పైడయ్యే చెయ్యాలి.”

“మరి మాన్యం?”

“అదీ... పైడయ్యదే ప్రభూ.”

పైడయ్య మిషను అందుకున్నాడు. రాజుగారి తల వంచి, చిటికెలో నున్నగా గీసేశాడు.

“ఈ మిషను నా దగ్గరే ఉండనివ్వండి దొరా. ఇన్నేళ్లూ తమరి మెడ మీద కత్తి పెట్టినప్పుడల్లా నా మెడ గురించే భయపడేవాణ్ణి.”

రాజుగారు మెడ తడుముకున్నారు. “నాకు మాత్రం భయం లేదనుకున్నావా పైడయ్యా?”