అడ్డా మీద ముందు వరుస

వారం రోజులుగా నరహరికి మనసు నిలవడం లేదు. అతను నగరపాలక సంస్థలో అధికారి. పని కోసం మహానగరానికి వచ్చేవాళ్ల బతుకులు బాగుపడే పథకం రాయమని పైవాళ్లు అతనికి అప్పజెప్పారు. పాపం, కష్టపడి రాశాడు. కూలీల అడ్డాలన్నీ ఎత్తేయాలి. ఊరి చివర కట్టిన కొత్త భవనంలో, గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకు, వచ్చిన వరుసలో టోకెను ఇవ్వాలి. టోకెను ప్రకారం పని.

మర్నాడు పదకొండింటికి సంతకాలు. అవి పడితే ఆ మరునాటి నుంచి అడ్డా మీద ఎవర్నీ నిలబడనివ్వరు.

కాగితం మీద వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా ఎక్కడో తప్పు చేస్తున్నానని లోపల పీకుతూనే ఉంది. సాయంత్రం దర్గా వెనక ఉండే ఖాదర్ బాబా దగ్గరికి వెళ్లాడు. పదేళ్లుగా నరహరికి ఆయనే గురువు.

"బాబా, ఇందులో తప్పేముందో మీరే చెప్పాలి" అంటూ పథకం నలభై పేజీలూ చదవబోయాడు.

బాబా లేచి వెళ్లి, మూలనున్న పార తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"పొద్దున్నే అడ్డాకి పో బేటా. ఆఫీసర్నని చెప్పకు."

తెల్లవారేసరికి నరహరి పాత చొక్కా తొడుక్కుని అడ్డా మీద ఉన్నాడు. అప్పటికే రెండొందల మంది దాకా చేరారు. ఎవరైనా గుర్తుపడతారేమోనని వెనకాల నక్కి నిలబడ్డాడు.

ముందు వరుసలో ఉన్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. అందరూ ఆమెను లచ్చవ్వ అంటున్నారు.

"కొత్తోనివి లెక్కున్నవ్ బిడ్డా. పని దొరక్క ఎన్ని దినాలైంది?"

"నాలుగు రోజులు" అనేశాడు.

"అయ్యో! నాకు మూడే. ముందటికి రా మరి."

అక్కడ అదే పద్ధతి. ఎక్కువ రోజులు ఖాళీగా ఉన్నవాళ్లు ముందు నిలబడతారు. ఎవరూ రుజువు అడగలేదు. లచ్చవ్వ పక్కకు జరిగి తన చోటు ఇచ్చింది. వద్దంటే అబద్ధం బయటపడుతుందని నరహరి వెళ్లి నిలబడ్డాడు.

బళ్లు ఒక్కొక్కటే వచ్చి, తాపీ పనీ వడ్రంగం తెలిసినవాళ్లనే ఎక్కించుకుపోయాయి. ఎనిమిదవుతుండగా చివరి బండి ఆగింది. మేస్త్రీ దిగకుండానే నరహరి వైపు వేలు చూపించాడు.

"మట్టి ఎత్తడానికి ఒక్కరు చాలు. నువ్వు రా."

"నేను కాదండీ. ఈవిడని తీసుకెళ్లండి."

"బేరాలొద్దు. టైమ్ లేదు నాకు" అని మేస్త్రీ విసుక్కుని, రోడ్డుకు అవతల నిలబడ్డ ఇంకొకణ్ణి ఎక్కించుకున్నాడు. బండి వెళ్లిపోయింది.

నరహరి తల ఎత్తలేకపోయాడు. లచ్చవ్వ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఎందుకు పోలే కొడుకా? నాలుగు దినాలాయె గద నీకు. రా, ఇంత సద్ది తిందువు."

అతను నిలవలేకపోయాడు. వగరుస్తూ బాబా దగ్గరికి వచ్చి పడ్డాడు.

"పని దొరికిందా?" అని అడిగాడు బాబా.

"దొరికింది బాబా. నాది కాదు, లచ్చవ్వ అనే పెద్దావిడది. నా అబద్ధం వల్ల ఆమెకు దక్కకుండా పోయింది."

నరహరి నిన్న అక్కడే వదిలేసిన ఫైలు విప్పాడు. తొమ్మిదిన్నర కావస్తోంది.

"ఇప్పుడు ఇందులో ఏం రాయమంటారు బాబా?"

"నన్నడుగుతావేం బేటా? ఆమె ఇంకా అక్కడే ఉంటుంది."