ఒకటి తేకపోతే ఇంకొకటి

రాజాంలో సింహాద్రి, పైడిరాజు, లచ్చన్న అనే ముగ్గురు అన్నదమ్ములు కంప్యూటర్ కొట్టు పెట్టారు. దేవుడు తెలివంతా తమ ఇంట్లోనే కుమ్మరించి, అడుగుబొడుగు ఊరి మీద చిలకరించాడని వాళ్ల నమ్మకం. ఉన్న బేరం మాత్రం ఒక్కటే, మిల్లు కామందు సన్యాసినాయుడు. ధాన్యం తూచే ప్రోగ్రాం సాయంత్రంలోగా మిల్లు కంప్యూటర్లో ఎక్కించుకునేలా ప్యాకేజీ కట్టి ఇవ్వకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడాయన. పెద్దవాడు సింహాద్రి అన్నం కూడా తినకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ప్యాకేజీ కట్టాలంటే కంప్యూటర్ ముందు నెట్లోంచి ఒక ఫైలు తెచ్చుకోవాలి. ఆ తెచ్చే టూలు కాస్తా మొరాయించింది. చదువు చెప్పిన మాస్టారికి ఫోన్ చేశారు.

"ఒక టూలు తేలేకపోతే ఇంకోటి తెచ్చేలా సెట్టింగుల్లో రాయండర్రా" అన్నారాయన.

"మొదటిది తేలేకపోతే రెండోది తెత్తాది. మరి రెండోది తేలేకపోతే?" అన్నాడు పైడిరాజు.

"మొదటిది తెత్తాది" అన్నాడు సింహాద్రి. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

అంతే. అది దీనికి పురమాయించింది, ఇది దానికి పురమాయించింది. పొద్దు వాలేదాకా రెండూ ఒకదానికొకటి పని చెప్పుకుంటూనే ఉన్నాయి. చివరికి లోపల ఏమీ లేని ఖాళీ ఫైలొకటి వచ్చి పడింది.

"వచ్చింది సరైనదో కాదో పోల్చి చూసుకోండి" అన్నారు మాస్టారు, మళ్లీ ఫోన్ చేస్తే.

"దేంతో పోల్సాలన్నా?" అన్నాడు లచ్చన్న.

"మన కాడున్నది ఇదొక్కటే గదరా. దీంతోనే పోల్చు" అన్నాడు సింహాద్రి.

పోల్చారు. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకేముంది, ముగ్గురూ పొంగిపోయి ఆ ఖాళీ ఫైలునే ప్యాకేజీ కట్టి పెన్‌డ్రైవ్‌లో పెట్టేశారు.

ఇంతలో నాయుడు ఫోన్. ధాన్యం బళ్లు గేటు దగ్గర నిలబడిపోయాయట, వెంటనే తెమ్మన్నాడు. సింహాద్రి హడావిడిగా చెప్పులేసుకున్నాడు. అయినా మాస్టారి పాఠం మరిచిపోలేదు.

"నాను తేలేకపోతే పైడిగాడు తెత్తాడు. ఆడు తేలేకపోతే లచ్చిగాడు."

"ముగ్గురం తేలేకపోతే?" అన్నాడు లచ్చన్న.

నిజమే. సింహాద్రి తల గోక్కున్నాడు, ఆలోచించాడు, దానికీ ఒక దారి చూశాడు. ముగ్గురూ రొప్పుకుంటూ మిల్లుకి పరిగెత్తారు.

"ఏదిరా పెన్‌డ్రైవ్?" అన్నాడు నాయుడు.

"దారిలో మా ముగ్గురికీ ఏటైనా అయితే మీ పని ఆగిపోద్ది గదా బాబూ" అన్నాడు సింహాద్రి గర్వంగా. "అందుకే దాన్ని భద్రంగా ఇంటి కాడే ఉంచి వచ్చాం."